ఓన్ చీ భయజ్ఞానం

మాటలకు మాండలే, గొప్పలకు యాంగోన్, తిండికి మౌలమైన్ అని బర్మాలో సామెత. అందులో మూడో ముక్క ఇన్నాళ్లు నిలబడిందంటే ఓన్ చీ చెయ్యి కొంత ఉందని మా ఊళ్లో అందరూ ఒప్పుకుంటారు. కింది బజారు పక్కన ముప్ఫై ఏళ్లుగా ఆమెది మొహింగా కొట్టు. చిక్కటి చేపల పులుసు, అందులో అరటిదూట ముక్కలు, బియ్యపు సేమ్యా, పైన వేయించిన శనగపప్పు పొడి. ఏడయ్యేసరికి కుండ అడుగు కనిపించేది. ఎనిమిదింటికి వచ్చినవాడికి తిట్లు మాత్రమే మిగిలేవి, అవీ వేడివేడిగా.

అలాంటి మనిషి నాలుగు నెలలుగా "ఆకలేస్తోంది" అన్న మాట అనలేదు. మొగుడు బా షిన్ ఆ మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. పొద్దున అడిగేవాడు, మధ్యాహ్నం అడిగేవాడు. పెట్టింది నాలుగు మెతుకులు కెలికి, గోడ వైపు తిరిగి పడుకునేది. కొట్టు మూతపడింది.

అంతా పడవలో మొదలైంది. ఇప్పుడంటే వంతెన పడింది గానీ, అప్పట్లో మా ఊరికీ అవతలి బిలూ దీవికీ మధ్య పడవే దిక్కు. గంట ప్రయాణం. బిలూ అంటే రాక్షసుడు. పేరుకే రాక్షసుల దీవి, ఉండేది మాత్రం రబ్బరు బ్యాండ్లు చేసుకుని బతికే సాధువులు. ఓన్ చీ కూతురు యమిన్‌ని అక్కడే ఇచ్చారు. మనవరాలు చో చోని చూడ్డానికి ఓన్ చీ నెలకు రెండుసార్లు పడవెక్కేది. ఆ రోజు వాన లేదు, గాలి లేదు, నది గిన్నెలో పోసిన పాలలా ఉంది. ఓన్ చీ వేరుశనక్కాయలు ఒలుచుకు తింటోంది. నది నడిమికి వచ్చేసరికి, ఉన్నట్టుండి, గుండె దడదడలాడింది. ఊపిరందలేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి. అయిపోయింది, చచ్చిపోతున్నాను అనుకుని చేతికందినదాన్ని గట్టిగా పట్టుకుంది. చేతికందింది ఒక భిక్షువు ముంజేయి.

మా దగ్గర కన్నతల్లైనా సరే, కొడుకు భిక్షువయ్యాక తాకదు. అలాంటిది ఓన్ చీ, పడవ అవతలి ఒడ్డు చేరేదాకా అరగంట సేపు, ఆ ముసలాయన చెయ్యి వదల్లేదు. ఆయన కళ్లు మూసుకుని, తీగ పాకితే చెట్టేం చేస్తుంది అన్నట్టు కూర్చున్నాడు. నలభైమంది చూశారు. నలభై నోళ్లు ఊరుకుంటాయా? సాయంత్రానికి ఊరంతా గుప్పుమంది. కబురందుకుని దీవికి వెళ్లిన బా షిన్, తిరుగు పడవలో ఆమెను దుప్పటి కప్పి, సరుకుల బస్తాల మధ్య పడుకోబెట్టి తెచ్చాడు.

ఆ తర్వాత మొదట పడవంటే భయం. తర్వాత రేవంటే భయం. ఆ తర్వాత బజారు, కొట్టు, చివరికి వీధి గుమ్మం. భయం వస్తుందేమోనన్న భయం అన్నిటికంటే పెద్దదైంది. దాని వెనకాలే దిగులు వచ్చింది, బాకీ వసూలుకొచ్చిన చుట్టంలా ఇక కదల్లేదు. నదిలో దేవత కోపగించిందని ఒకరంటే బా షిన్ కొబ్బరికాయ, అరటిగెల అర్పించాడు. గ్రహం బాగాలేదని ఒకరంటే పగోడాలో ఆమె పుట్టిన వారానికి కేటాయించిన మూలన, అక్కడి బుద్ధుడి మీద వయసుకొకటి చొప్పున యాభై ఎనిమిది చెంబుల నీళ్లు పోశాడు. పాపం, ఎవరేం చెప్పినా చేశాడు. అన్నీ అయ్యాక అసలు పని చేశాడు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. గుండె పరీక్ష చేసి కాగితం మడిచి పక్కన పెట్టింది.

"గుండె గుర్రంలా ఉంది పెద్దమ్మా. ఇది ఆందోళన జబ్బు. దాని తోక పట్టుకుని దిగులు కూడా వచ్చింది. రెండింటికీ కలిపి మందు ఇస్తాను. పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానొద్దు."

"పిచ్చా?" అంది ఓన్ చీ మెల్లగా.

"పిచ్చయితే నేనే చెప్పేదాన్ని కదా. వీలైతే ధ్యానం కూడా నేర్చుకోండి. మందుతో పాటు. మందుకి బదులు కాదు."

ఇది జరిగిన మూడు వారాలకు దీవి నుంచి యమిన్ ఫోన్ చేసింది. ఎండాకాలం సెలవుల్లో వాళ్ల పల్లెలో మగపిల్లల్ని కొన్నాళ్ల భిక్షువుల్ని చేసే ఉత్సవం పెట్టుకున్నారు. దాంతోపాటే ఆడపిల్లలకు చెవులు కుట్టడం. ముహూర్తం నిమిషంతో సహా పెట్టేశారు, రథాలకు బయానా ఇచ్చేశారు. పద్దెనిమిది మంది పిల్లల్లో మన చో చో ఒకత్తి.

"అదేమో మొండికేసింది అమ్మా," అంది యమిన్. "అమ్మమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటేనే సూది దగ్గరికి రానిస్తుందట. లేకపోతే ముహూర్తానికి చెట్టెక్కి కూర్చుంటానంటోంది. ఎక్కుతుంది కూడా, నీ పోలికే."

ఓన్ చీ ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల అడిగింది ఏమంత పెద్ద కోరిక? గంట సేపు పడవలో కూర్చోవడం. ఆ గంట తన వల్ల కాదు. బా షిన్ నోట్లో కిళ్లీ ఉమ్మేసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ముహూర్తానికి ఇంకా నెలుంది. కొండ మీద ధ్యానకేంద్రంలో పదిరోజులు కూర్చుని రా. డాక్టరమ్మ కూడా చెప్పింది కదా."

"భిక్షువు చెయ్యి పట్టుకున్నదాన్ని, భిక్షువుల దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లనయ్యా?"

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్లు. వేరేది కొనడానికి నా దగ్గర డబ్బుల్లేవు."

అలా వెళ్లింది. తెల్ల రవిక, గోధుమరంగు లుంగీ, గోధుమరంగు శాలువా. తెల్లవారకముందే గంట. మధ్యాహ్నం పన్నెండు దాటితే మెతుకు ముట్టకూడదు, కావాలంటే బెల్లం నీళ్లు. మౌలమైన్ మనిషికి అంతకన్నా శిక్ష ఏముంటుంది గానీ, ఆకలే లేని ఓన్ చీకి ఏ పన్నెండైతే ఏం?

కేంద్రానికి పెద్ద భిక్షువు సయాడో. డెబ్బై దాటిన మనిషి, ఎండిన ఖర్జూరంలా ఉంటాడు. మొదటిరోజు కొత్తవాళ్లను కూర్చోబెట్టి చెప్పాడు:

"ఊపిరి తీస్తే పొట్ట లేస్తుంది. 'లేస్తోంది' అనుకోండి. వదిలితే పడుతుంది. 'పడుతోంది' అనుకోండి. దురద పెడితే 'దురద, దురద'. ఆలోచన వస్తే 'ఆలోచన'. నడిచేటప్పుడు 'ఎత్తాను, జరిపాను, పెట్టాను'. అంతే."

"అంతేనా భంతే?" అంది ఓన్ చీ.

"అంతే. చాలామందికి ఇది చాలట్లేదు, అదే వచ్చిన తంటా."

ఓన్ చీ కళ్లు మూసుకుంది. లేస్తోంది, పడుతోంది, లేస్తోంది, బా షిన్ తలుపు గడియ పెట్టాడో లేదో, పడుతోంది, ఆ పక్కామె ముక్కుతో ఈల వేస్తోంది, ఈల, ఈల, లేస్తోంది, నాలుగు నెలలుగా ఆ కుండ తోమలేదు. రెండు రోజులు ఇలాగే గడిచాయి. మనసు కోతి అంటారు గానీ, కోతి నయం, అది అప్పుడప్పుడైనా నిద్రపోతుంది.

మూడో రోజు మధ్యాహ్నం, నిండు హాల్లో, అది వచ్చింది. అదే దడ. అదే ఊపిరాడనితనం. ఒళ్లంతా చెమట, చేతులు గజగజ. లేచి పారిపోదామంటే చుట్టూ అరవై మంది కదలకుండా కూర్చున్నారు. కళ్లు బిగించుకుని, పళ్లు కరుచుకుని, గంట కొట్టేదాకా ఎలా ఉందో ఆమెకే తెలీదు.

పక్కన ముక్కుతో ఈల వేసే ఆవిడ పేరు టిన్ లా. పోయిన కస్టమ్స్ ఆఫీసరు గారి భార్య. ఇరవై రెండుసార్లు ఇక్కడికి వచ్చి పదేసి రోజులు కూర్చున్న మనిషి. ధ్యానం ముదిరేకొద్దీ మనసు ఒక్కో జ్ఞానపు మెట్టూ ఎక్కుతుందని పుస్తకాల్లో ఉంది. ఆ పదహారు మెట్లూ టిన్ లాకి కంఠతా వచ్చు. గంట మోగగానే ఆవిడ మౌనవ్రతాన్ని కాసేపు పక్కన పెట్టి, ఓన్ చీని వరండా మూలకు లాగింది.

"చెల్లీ, ఏం జరిగింది? నిజం చెప్పు."

"భయమక్కా. కారణం లేకుండా. ప్రాణం పోతుందనిపించింది."

టిన్ లా కళ్లు పెద్దవయ్యాయి. "భయజ్ఞానం," అంది. "ఆరో మెట్టు. మూడో రోజుకే. సరే, మిగతా సమయంలో ఎలా ఉంటుంది? బతుకంతా దిగులుగా అనిపిస్తుందా?"

"ఎప్పుడూ అంతేనక్కా."

"ఏడో మెట్టు. తిండి మీద యావ?"

"నాలుగు నెలలైంది."

"నిర్వేదం. ఎనిమిది." టిన్ లా అక్కడే, వరండాలోనే, మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించింది. "నేను ఇరవై రెండుసార్లు కూర్చున్నాను తల్లీ. నాకు నడుంనొప్పి తప్ప ఏ జ్ఞానమూ రాలేదు."

మాట్లాడకూడని చోట వార్త ఎంత త్వరగా పాకుతుందో చూడాలంటే ధ్యానకేంద్రానికే వెళ్లాలి. మర్నాడు పొద్దున్నకి ఫ్యాను కింద చోటు ఓన్ చీకి ఖాళీగా ఉంది. ఆమె చెప్పులు ఎవరో కడిగి, ముక్కులు బయటికి తిప్పి పెట్టారు. చాప పక్కన బెల్లంముక్కలు ప్రత్యక్షమయ్యాయి. ఊళ్లో ఆమెను చూసి గుసగుసలాడుకున్న గాజుల కొట్టు మనిషి కూడా ఇక్కడ తలొంచి పక్కకు తప్పుకుంది.

నాలుగు నెలలు పిచ్చిదాన్నయ్యానేమో అనుకుంటూ బతికిన మనిషికి ఇది ఎలా ఉంటుంది? ఓన్ చీ ఉబ్బితబ్బిబ్బైంది. ఇది జబ్బే కాదన్నమాట. నది నడుమ జరిగింది అవమానం కాదు, ఎక్కడం మొదలుపెట్టిన మెట్టు. డాక్టరమ్మ పాపం చిన్నపిల్ల, దానికేం తెలుసు? మాత్రల పొట్లం సంచి అడుగుకు తోసేసింది.

ఆ రోజు నుంచి భయం కోసం ఎదురుచూసింది. అదేం విచిత్రమో, పీట వేసి పిలుస్తుంటే రాలేదు. నాలుగో రోజు రాలేదు. ఐదో రోజు రాలేదు. పక్క నుంచి టిన్ లా కళ్లతోనే అడిగేది: వచ్చిందా? ఫ్యాను కింద కూర్చుని ఊరికే గాలి పీల్చుకుంటే బాగుండదు కదా. ఐదో రోజు సాయంత్రం ఓన్ చీ, చెప్పుకోవడానికి సిగ్గే గానీ, శాలువా కింద భుజాలు కొంచెం కావాలని వణికించింది. వెనక వరసలో ఎవరో భక్తిగా నిట్టూర్చారు.

ఆరో రోజు సయాడో దగ్గర అనుభవాలు చెప్పుకునే వంతు వచ్చింది. ఆడవాళ్లంతా దూరంగా చాపల మీద కూర్చున్నారు. ఓన్ చీ మూడుసార్లు మొక్కింది.

"భంతే, నాకు భయజ్ఞానం కలిగింది."

"ఎవరు చెప్పారు?"

"అందరూ అంటున్నారు భంతే."

"అందరూ అంటే సరే. నువ్వేమంటావు? ఏం జరిగిందో చెప్పు."

చెప్పింది. దడ, చెమట, ఊపిరి, అన్నీ. సయాడో విన్నాడు.

"ఇదే మొదటిసారా?"

"కాదు భంతే. మొదట పడవలో వచ్చింది."

"పడవలో ధ్యానం చేస్తున్నావా?"

"లేదు. వేరుశనక్కాయలు తింటున్నాను."

"ఓహో. ఆ సంగతి తెలియక మేం యాభై ఏళ్లుగా ఊరికే కూర్చుంటున్నాం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఓన్ చీ మొహం కందగడ్డైంది. ఇక దాచి లాభం లేదని భిక్షువు చెయ్యి సంగతి కూడా చెప్పేసింది.

"ఆయన ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. దిగేటప్పుడు మాత్రం, మెల్లగా అమ్మా, మెట్టు తడిగా ఉంది అన్నాడు."

"ఆయనకు లేని బాధ నీకెందుకు? తాకకూడదన్న నియమం మాది. మునిగేవాళ్లు గడ్డిపోచ దొరికినా పట్టుకుంటారు, గడ్డిపోచ గొడవ చెయ్యదు. డాక్టరుకి చూపించుకున్నావా?"

"చూపించుకున్నాను."

"మందు?"

ఓన్ చీ చాప పుల్లలు గిల్లింది. "సంచి అడుగున ఉంది భంతే. మూడు రోజులైంది మానేసి."

మొట్టమొదటిసారి సయాడో గొంతు గట్టిపడింది. "నాకు బీపీ ఉంది. రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుంటాను. యాభై ఏళ్లు ధ్యానం చేసినవాడికి లేని రోషం, ఐదు రోజులు చేసినదానికి ఎక్కడి నుంచి వచ్చింది? లేచి ఆఫీసులోకి వెళ్లి డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఆవిడ ఏం చెబితే అది చెయ్యి."

"మరి నాది జ్ఞానం కాదా భంతే?"

"కాదమ్మా. జబ్బు."

ఆ మాటకు ఓన్ చీ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. సయాడో ఈసారి మెత్తగా అడిగాడు.

"నీకు కొట్టుంది కదూ? చిరాకు మనిషి వస్తే ఏం చేస్తావు?"

"గిన్నె పోసి ఇస్తాను. తిని పోతాడు."

"వాడి వెంట ఇంటిదాకా వెళ్తావా?"

"నాకేం పని?"

"రాకుండా తలుపేస్తావా?"

"కొట్టన్నాక ఎలా వేస్తాను భంతే?"

"భయం వచ్చినప్పుడు కూడా అంతే చెయ్యి. జ్ఞానమని కాళ్లు కడగొద్దు, చావని పరుగెత్తొద్దు. ఎక్కడ కూర్చుందో చూడు, ఏం చేస్తోందో చూడు."

"చూస్తే పోతుందా?"

"నాకేం తెలుసు? పోతే అది కూడా చూడు."

డాక్టరమ్మ ఫోన్లో పావుగంట తిట్టింది. ఆ తర్వాత మాత్ర ఎలా మొదలుపెట్టాలో చెప్పింది. ఓన్ చీ హాల్లోకి తిరిగి వచ్చేసరికి ఫ్యాను కింద టిన్ లా కూర్చుని ఉంది. చెప్పులు ఎక్కడ విడిచినవి అక్కడే ఉన్నాయి. బెల్లంముక్కలు చీమలకి పోయాయి. ఏడో రోజు ఓన్ చీకి నిజంగా లేవబుద్ధి కాలేదు. రాతిబండ ఒకటి రొమ్ము మీద పెట్టినట్టుంది. ఇంటి దగ్గరైతే గోడ వైపు తిరిగేది. ఇక్కడ గోడ వైపు కూడా ఎవరో కూర్చుని ఉన్నారు. చేసేదేం లేక దాన్నే చూసింది. బరువు, బరువు. రొమ్ములోనా, గొంతులోనా? గొంతులో ఎక్కువ. ఇప్పుడు తక్కువ. మళ్లీ ఎక్కువ. ఏడుపు, ఏడుపు. నడక గంటలో కాలు ఎత్తింది, జరిపింది, పెట్టింది. అలా సాయంత్రమైంది. ఏ వెలుగూ రాలేదు, ఏ మెట్టూ ఎక్కలేదు. కానీ రోజు గడిచింది.

తొమ్మిదో రోజు పొద్దున ఎవరో పుణ్యాత్ములు అందరికీ మొహింగా దానం చేశారు. భోజనశాలలో వరసగా నడుస్తూ ఓన్ చీ మనసులో అనుకుంటోంది: ఎత్తాను, జరిపాను, పెట్టాను, వాసన, వాసన. ఆగింది. అల్లం చాల్లేదు. శనగపొడి పచ్చిగా ఉంది, ఇంకో రెండు నిమిషాలు వేయించాలి. అరటిదూట మరీ ముదురు. ఎవడు వండాడు దీన్ని? వంక పెడుతున్నాను, వంక పెడుతున్నాను అని గుర్తుచేసుకుంటూనే, నాలుగు నెలల తర్వాత, గిన్నె సగం ఖాళీ చేసింది.

చివరిరోజు మూటలు కట్టుకుంటుంటే టిన్ లా వచ్చి మంచం అంచున కూర్చుంది. శాలువా మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"చెల్లీ, ఆయన పోయి పదకొండేళ్లు. ఆ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుంటే గోడలు మీద పడినట్టుంటుంది. అందుకే ఏడాదికి రెండుసార్లు ఇక్కడికి వస్తాను. జ్ఞానం కోసమని అందరికీ చెబుతాను." గొంతు తగ్గించింది. "ఆ డాక్టరు కూర్చునేది ఏ వీధిలో?"

ఓన్ చీ అడ్రసు చెప్పలేదు. "ఎల్లుండి నేను వెళ్తున్నాను. నువ్వూ రా అక్కా," అంది.

ఇంటికి వచ్చాక రోజూ పొద్దున అరగంట కూర్చుంది, మాత్ర మింగింది, బా షిన్‌ని వెంటబెట్టుకుని రేవు దాకా నడిచింది. రెండుసార్లు సగం దారిలో వెనక్కి తిరిగింది. మూడోసారి రేవు మెట్ల మీద కూర్చుని ఖాళీ పడవల్ని చూసి వచ్చింది. మూడు వారాలూ అలాగే అయిపోయాయి. ముహూర్తానికి ముందురోజు పొద్దున, టిఫిన్ క్యారియర్ బా షిన్ చేతిలో పెట్టి, ఓన్ చీ పడవ పలక మీద కాలు పెట్టింది.

పడవ నడిపే కో మిన్‌కి నోటి దురద ఎక్కువ. "భిక్షువులెవరైనా ఉంటే ముందుకి జరగండయ్యా. మొహింగా పెద్దమ్మ ఎక్కుతోంది," అని కేకేశాడు.

పడవంతా గొల్లుమంది. నాలుగు నెలల కింద అయితే ఓన్ చీ అక్కడే కుప్పకూలేది. ఇప్పుడు సిగ్గు చెవుల దాకా పాకింది, వేడి, వేడి, అయినా నోరు లేచింది. "నువ్వు ఆరింటికొచ్చినా నీకు గిన్నె పోయను, గుర్తుపెట్టుకో."

"కొట్టు తెరుస్తున్నావా పెద్దమ్మా?"

"నోరుమూసుకుని పడవ నడుపు."

నది నడిమికి వచ్చేసరికి వచ్చింది. ఎక్కడ వదిలిపెట్టి వెళ్లిందో అక్కడే ఎక్కినట్టు వచ్చింది. గుండె దడ, వేళ్ల తిమ్మిరి, ఊపిరి గొంతులో ఆగిపోవడం. బా షిన్ ఆమె మొహం చూసి చెయ్యి చాపాడు.

"పట్టుకో. నేను భిక్షువుని కాదు."

"ఉండవయ్యా. చూడనీ," అంది ఓన్ చీ.

అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుంది. దడ, దడ. రొమ్ములో ఎడమ పక్క. వేడి. చెవుల్లో హోరు. చచ్చిపోతాను అన్న ఆలోచన. ఆలోచన, ఆలోచన. పారిపోవాలనుంది. నీళ్లలోకి ఎక్కడికి పారిపోతావే పిచ్చిదానా? పొట్ట లేస్తోంది, బిగుసుకుని లేస్తోంది, పడుతోంది. అది పెరిగింది, ఇక తట్టుకోలేననిపించేంత పెరిగింది, కొంచెం తగ్గింది. హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ వచ్చింది. రెండోసారి బా షిన్ చెయ్యి పట్టుకుంది కూడా. ఎందుకు పట్టుకోకూడదు, మొగుడే కదా? పట్టుకునే చూసింది. మూడోసారి మొదలవుతుండగా పడవ ఒడ్డుకు తగిలింది. ఓన్ చీ లేచింది. మెట్టు తడిగా ఉంది, చూసుకుని దిగింది.

మర్నాడు పందిట్లో డోళ్లు, సన్నాయిలు, రథాలు, మైకులో దానాలిచ్చినవాళ్ల పేర్లు. ఏడుగురు ఆడపిల్లలు రాజకుమార్తెల్లా ముస్తాబై, బుగ్గలకు రంగు పూసుకుని వరసగా కూర్చున్నారు. చో చో కిరీటం ఒక పక్కకు ఒరిగింది. బంగారు సూది పట్టుకున్న పెద్దావిడ అయిదో పిల్ల దాకా వచ్చింది. అయిదో పిల్ల కెవ్వుమంది. ఆరో పిల్ల సూది తగలకముందే కెవ్వుమంది. చో చో చెయ్యి ఓన్ చీ చేతిలో మంచుముక్కలా ఉంది.

"అమ్మమ్మా, భయమేస్తోంది."

ఏడవకు, ఏం కాదు, చీమ కుట్టినట్టుంటుంది అని చుట్టూ నలుగురూ అంటున్నారు. ఓన్ చీ వంగి పిల్ల చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఎక్కడ ఉంది?"

"ఏంటి?"

"భయం. ఎక్కడ కూర్చుంది?"

చో చో ఖాళీ చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. "పొట్టలో."

"ఎంతుంది?"

"పంపరపనసంత."

"కదులుతోందా, ఊరుకుందా?"

"కదులుతోంది. గుండ్రంగా." పిల్ల కళ్లు ఎత్తి అమ్మమ్మ చేతిని చూసింది. ఆ చెయ్యి కూడా సన్నగా వణుకుతోంది. "నీక్కూడా ఉందా?"

"ఉంది. నిన్న నాతోపాటే పడవెక్కింది."

"ఎక్కడ కూర్చుంది?"

"గొంతులో. ఉసిరికాయంత."

"నాదే పెద్దది," అంది చో చో. అంతలో పెద్దావిడ వంగింది, సూది ఇటు దూరి అటు వచ్చింది. చో చో మూతి బిగించి, కన్నీళ్లు బుగ్గల రంగు మీదుగా కారుతుండగా, పొట్టలోకే చూస్తూ కూర్చుంది. రెండో చెవి కూడా అయ్యాక గట్టిగా ముక్కు చీదింది.

"నాది చిన్నదైపోయింది. నీది పోయిందా?"

ఓన్ చీ అబద్ధం చెప్పలేదు. కళ్లు మూసుకుని నిజంగానే వెతికి చూసింది.

"లేదే. ఇక్కడే ఉంది. రేపు తిరుగు పడవలో కూడా వస్తుంది కాబోలు." చో చో కిరీటం సరిచేసి, పిల్ల చెయ్యి వదలకుండానే లేచింది. పందిరి వెనక పొయ్యిల మీద నుంచి కొబ్బరిపాల అన్నం వాసన వస్తోంది. "పద, ముందు అన్నం తిందాం. నాకు ఆకలేస్తోంది."

పందిరి గుంజ దగ్గర నిలబడి కిళ్లీ నములుతున్న బా షిన్ నమలడం ఆపేశాడు. ఆ మాట మళ్లీ అంటుందేమోనని ఒక క్షణం చూశాడు. తర్వాత, అరవై రెండేళ్ల మనిషి, మొహం గుంజ వైపు తిప్పుకుని లుంగీ చెంగుతో కళ్లు తుడుచుకుని, పళ్లెం కోసం అందరినీ తోసుకుంటూ పరుగెత్తాడు.